రెండూ పదికి చివరి బ్యాచ్

పోటీలో ఆడేది నూట ముప్ఫై రెండు మంది. మన మనిషి నూట ముప్ఫై మూడోది. అందుకే టూర్లో తోటి గోల్ఫర్లంతా ఆవిణ్ణి ముద్దుగా స్టెప్నీ అంటారు. ఉన్న చక్రాల్లో ఏదో ఒకటి పంక్చరైతే తప్ప డిక్కీలోంచి బయటికి తియ్యరు. పదకొండేళ్లుగా దేశం మీద దేశం, విమానం మీద విమానం తిరుగుతున్న ఆటగత్తె. వయసు ముప్ఫై ఆరు. ఎడమ మణికట్టుకి ఎప్పుడూ పట్టీ.

"మా బస్సులో రిజర్వు అంటే సీటున్నట్టు. మీ గోల్ఫులో రిజర్వు అంటే సీటు లేనట్టు. ఇదేం గోలే అమ్మడూ?" అన్నాడు మావయ్య, పొద్దుట్నుంచి ఏడోసారి.

మావయ్యంటే అమ్మకి తమ్ముడు. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నాలుగేళ్లుగా మేనకోడలి బ్యాగు మోస్తున్నాడు. మెడలో 'క్యాడీ' అని బిళ్ల వేలాడుతుంది గానీ, 'కేడీ' అని ఉంటే ఆయనకి ఇంకా బాగా నప్పేది.

"మావయ్యా, కాసేపు ఊరుకో."

"ఊరుకోకేం చెయ్యను? ఏడు గంటల్నుంచి టీ, టీ అంటూ నిలబెట్టారు. ఒక్కడు టీ ఇచ్చిన పాపాన పోలేదు."

ఆవిడ నవ్వలేదు. ఇది ఏడాదిలో ఆఖరి పోటీ. పాయింట్ల పట్టికలో మొదటి వందమందికే వచ్చే ఏడాది టూర్ కార్డు. ఆవిడ నూట నాలుగు. ఈ ఏడాది కలిసొచ్చే బర్డీలు పిట్టల్లాగే ఎగిరిపోయాయి, కొంప ముంచే బోగీలు మాత్రం ఒకదానికొకటి తగులుకుని పేద్ద రైలైపోయాయి. ఇందులో ఆడి, రెండు రోజులయ్యాక సగంమందిని ఇంటికి పంపే కోతని దాటితే చాలు, పైనున్న నలుగురూ కిందికొచ్చేస్తారు. అసలు ఆడనే ఆడకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే మళ్లీ అర్హత పోటీలు, ఇరవయ్యేళ్ల పిల్లలతో వరసగా ఆరు రోజులు. మణికట్టు ఆరు రోజులు ఆగదని డాక్టరు చెప్పాడు. అంతకు ముందే మణికట్టూ చెప్పింది.

కాబట్టి ఎవరో ఒకరు మానెయ్యాలి. పొద్దున తొమ్మిదింటికి ఒకామె జ్వరంతో వణుకుతూ వచ్చింది. స్టెప్నీ గబగబా గ్లౌజు తొడుక్కుంది. ఆ జ్వరం మహాతల్లి మొదటి దెబ్బకే బంతిని రెండొందల అరవై గజాలు పంపించింది. "ఆ జ్వరమేదో మనకీ వస్తే బాగుండు," అన్నాడు మావయ్య. పదకొండింటికి ఇంకొకామె నడుం పట్టేసిందంది, పావుగంటలో నడుమే ఆమెని వదిలేసింది. ఇక మిగిలింది ఒకే ఒక్క బ్యాచ్. రెండూ పదికి మొదటి టీ నుంచి, అంటే తొలి దెబ్బ కొట్టే గట్టు నుంచి, బయల్దేరే ముగ్గురు.

బ్యాచ్ కదిలే ముందు పది నిమిషాలు రిజర్వు మనిషి టీ పక్కన కట్టిన తాడు లోపలే నిలబడాలి. తాడు దాటితే వరస పోయినట్టే. ఆవిడ నిలబడింది. మావయ్య సీసాలో నీళ్లు పట్టుకురావడానికి క్లబ్ వెనక్కి వెళ్లాడు.

రెండూ ఏడుకి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఆ తూనిగ పిల్ల లేదూ, పసుప్పచ్చ టోపీ? పదో టీ దగ్గర ఒక్కత్తే నించుని గాల్లో కర్ర ఊపుతోందే! అక్కడ మనిషి లేడు మాను లేదు. స్టార్టరు కుర్చీ కూడా మడిచేసి పోయాడు. ఎవరితో ఆడుతుందిట, గాలితోనా?"

స్టెప్నీ చేతిలో జాబితా ఉంది. చివరి బ్యాచ్, మూడు పేర్లు. ఇద్దరు ఎదురుగానే బూట్లు దులుపుకుంటున్నారు. మూడో పేరు అందరూ తూనిగ అని పిలిచే ఆ పిల్లది. ఇరవై రెండేళ్లు, టూర్లో మొదటి ఏడాది, క్యాడీని పెట్టుకునే స్తోమతు లేక బ్యాగుని తోపుడుబండి మీద తనే తోసుకునే పిల్ల.

ఏం జరిగిందో ఆవిడకి వెంటనే అర్థమైంది. మొదటి రెండు రోజులూ సగంమంది ఒకటో హోల్ నుంచి, సగంమంది పదో హోల్ నుంచి మొదలెడతారు. మర్నాడు తారుమారు. రెండు రోజుల వివరాలూ ఒకే కాగితం మీద పక్కపక్కన వేస్తారు. పిల్ల ఇవాళ్టి టైము చూసుకుంది, రేపటి చోటు చూసుకుంది. మరీ కొత్తవాళ్లయితే నలుగుర్ని అడుగుతారు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే కాస్త అలవాటు పడ్డవాళ్లే చెయ్యాలి.

క్లబ్ మూల మీద భుజమెత్తు కంచె. దాని మీదుగా, నూట డెబ్భై గజాల దూరంలో, పసుప్పచ్చ టోపీ పైకీ కిందికీ ఊగుతోంది.

మావయ్య ఆవిడ చూపు పట్టుకుని అటు చూశాడు. జాబితా చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అమ్మడూ," అన్నాడు గొంతు తగ్గించి, "నేనేం చూళ్లేదు. నీళ్లు పట్టుకొచ్చాను, అంతే."

ఇక్కడ టైము చూసి బ్యాచ్‌ని వదిలే స్టార్టరు నెరిసిన తలాయన. చేతిలో గడియారం, మెడలో ఇంకోటి. నలుగురి వంకా చూసి అడిగాడు. "మూడో అమ్మాయి రాలేదు. ఎవరైనా చూశారా?"

ఆడబోయే ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. స్టెప్నీ గ్లౌజు పట్టీ విప్పి మళ్లీ బిగించుకుంది. బాగానే ఉన్న పట్టీ. మావయ్య నిండు సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

రెండూ పది.

"ఐదు నిమిషాల్లోపు వస్తే రెండు స్ట్రోకుల పెనాల్టీతో, లెక్కలో రెండు దెబ్బలు ఎక్కువేసుకుని, ఆడొచ్చు. రెండుంపావు దాటితే రిజర్వు," అన్నాడు స్టార్టరు. ఆవిడవైపు తిరిగి, "సిద్ధమేనా అమ్మా?"

"సిద్ధమే," అంది ఆవిడ.

"మనం దాచలేదు కదే," గొణిగాడు మావయ్య. "ఆ పిల్లే దాక్కుంది."

"నువ్వు కండక్టరుగా ఉన్నప్పుడు ఎవర్నైనా వదిలేసి బెల్లు కొట్టావా?"

"టైమైతే కొట్టేవాణ్ణి. పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసమైతే ఆపేవాణ్ణి." కంచెవైపు ఓరగా చూశాడు. "ఈ పిల్ల పరిగెత్తట్లేదుగా!"

టోపీ ఆగింది. మణికట్టు ఎత్తి గడియారం చూసుకుంటోంది కాబోలు. మిగతా ఇద్దరూ ఆలస్యంగా వస్తున్నారనుకుని విసుక్కుంటూ ఉంటుంది. మళ్లీ ఊపు. పైకీ, కిందికీ.

రెండూ పదకొండు.

స్టెప్నీ మనసులో లెక్క దానంతటదే సాగుతోంది. పదకొండేళ్లుగా గజాలూ అడుగులూ లెక్కపెట్టిన బుర్ర, ఇప్పుడు మానమంటే మానుతుందా? నూట డెబ్భై గజాలు. బండి వదిలేసి బ్యాగు భుజాన వేసుకుని, మధ్యలో కంచె చుట్టి రావాలి. నిమిషంన్నర. అంటే రెండూ పదమూడున్నర దాటితే పిలిచినా ఒకటే, పిలవకపోయినా ఒకటే. అప్పుడు తన తప్పేం ఉండదు. గడియారానిదే ఉంటుంది.

రెండూ పన్నెండు.

"డ్రైవరు తియ్యనా?" అన్నాడు మావయ్య.

"తియ్యి."

అన్నిటికంటే పొడుగాటి కర్ర అది. తొడుగు లాగి చేతిలో పెట్టాడు. పిడి చల్లగా ఉంది. ఎదురుగా ఫెయిర్‌వే పచ్చిక, దువ్విన తలలా నున్నగా, మధ్యలో పాపిడి తీసినట్టు తిన్నగా. కుడివైపు గుంటని తప్పించి ఎడమ చెట్టు మీదికి గురిచూడాలి. నాలుగు రోజుల్నుంచి ఈ దెబ్బని కలలో కొడుతోంది. మణికట్టు ఇవాళ ఒక్క మాట కూడా అనట్లేదు.

రెండూ పదమూడు.

ఇంకో అరనిమిషం. అరనిమిషం నోరు మూసుకుంటే చాలు. తర్వాత ఎంత కావాలంటే అంత జాలిపడొచ్చు.

"ఫోర్ర్ర్!"

గోల్ఫు మైదానంలో గొంతెత్తి అరవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే. బంతి దారి తప్పి మనుషుల మీదికి పోతుంటే అరుస్తారు. విన్నవాడు విన్నచోటే నెత్తి మీద చేతులు పెట్టుకుని వంగిపోతాడు. ఆవిడ నోట్లోంచి అదే వచ్చింది, పొట్ట అడుగు నుంచి వచ్చింది. బూట్లు దులుపుకునే ఇద్దరూ కూలబడ్డారు. స్టార్టరు రెండు గడియారాలతో సహా బల్లకిందికి దూరాడు. మావయ్య బ్యాగునే నెత్తిన పెట్టుకున్నాడు, కర్రలన్నీ గలగలా ఆయన వీపు మీదుగా రాలాయి. కంచె మీద టోపీ మాయమైంది.

మెల్లిగా మళ్లీ లేచింది.

స్టెప్నీ డ్రైవరు రెండు చేతులా పైకెత్తి ఊపింది. ఇక్కడ! ఇటు! టోపీ ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత కంచె వెంబడే ఎగురుకుంటూ వచ్చింది.

"బంతేదీ?" అన్నాడు స్టార్టరు బల్లకింద నుంచి.

తూనిగ తాడు కింద నుంచి దూరి, బ్యాగు ధడేలున పడేసి, పేరు చెప్పింది. రెండూ పద్నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు.

"రెండు స్ట్రోకులు," అని రాసుకున్నాడాయన. ఆవిడవైపు చూసి, "మీరు వెళ్లొచ్చమ్మా."

తూనిగ ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది. ఆయాసంతో మాట తిరగట్లేదు. "అక్కా, నువ్వు చూడకపోతే నా పని అయిపోయుండేది. నీకు ఆట పోతుందని తెలిసి కూడా... ఎలా అక్కా, ఎవరు చేస్తారిలా?"

మావయ్య కర్రలేరుకుంటూ తలెత్తి, ఊరుకో, ఊరుకో అని కళ్లతోనే బతిమాలాడు.

"చూసిన ఆరు నిమిషాలకి పిలిచా," అంది స్టెప్నీ.

"ఏంటీ?"

"నువ్వక్కడున్నావని రెండూ ఏడుకే తెలుసు. స్టార్టరు అడిగినప్పుడూ తెలుసు. చెప్పలేదు. చెప్పుంటే నీకీ రెండు స్ట్రోకులూ పడేవి కావు."

పట్టుకున్న చేతులు వదులయ్యాయి. పిల్ల మొహంలో ఎరుపు ఇంకా తగ్గలేదు, కళ్లు మాత్రం మారిపోయాయి.

"మరి పిలవడం దేనికి?"

"ఇంకాసేపాగితే పిలవాల్సిన పనే ఉండదని తెలిసింది. దానికి భయమేసింది."

"మీ వంతు," అన్నాడు స్టార్టరు.

తూనిగ టీ మీదికెక్కింది. మేకులాంటి పుల్ల నేలలో గుచ్చి దాని మీద బంతి పెట్టబోయింది. బంతి దొర్లింది. రెండోసారీ దొర్లింది. మూడోసారి నిలబడింది. కొట్టింది. బంతి ఎడమ చెట్టు వైపు లేచి, నెమ్మదిగా ఒంగి, ఫెయిర్‌వే అంచున పడి ఆగింది. పిల్ల వెనక్కి తిరక్కుండానే నడిచింది.

"చెప్పకపోతే దేవతవయ్యేదానివి కదే," అన్నాడు మావయ్య. "కార్డెలాగూ పోయింది. దేవత పోస్టైనా దక్కేది."

స్టెప్నీ గ్లౌజు విప్పి ఆయన చేతిలో పెట్టింది. తాడు దాటింది. ముగ్గురూ వెళ్లిన వైపే, ప్రేక్షకులు నడిచే గట్టు మీద నడక మొదలెట్టింది.

"ఎక్కడికే? గది ఇటు!"

"ఆ పిల్లకి ఆ రెండు స్ట్రోకులూ తిరిగొస్తాయో లేదో చూసొస్తా."

"పద్దెనిమిది హోల్సూనా?"

ఆవిడ ఆగలేదు. మావయ్య బ్యాగు భుజానికెత్తుకుని, మోకాలిని నాలుగు తిట్లు తిట్టి, వెనకే బయల్దేరాడు.