నెలవంక ఎముక

గిన్నెలో వేడినీళ్లు గోరువెచ్చనయ్యేదాకా ఏవాల్డ్ బ్రింక్ కుడిచెయ్యి బయటికి తియ్యలేదు. పొద్దున్నే నేలమాళిగ గదిలో పొయ్యి వెలిగించడం, తలుపు గడియ పెట్టుకోవడం, చెయ్యి నానబెట్టుకోవడం ఏడాదిగా నడుస్తున్న తంతు. గడియ ఎందుకంటే, ఈ సంగతి పైనున్నవాళ్లకు తెలియకూడదు. బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. నానితే తప్ప ఆ వేలు అరచేతి మీదికి రాదు. నలభై ఏళ్లుగా ఊరివాళ్ల కీళ్లన్నీ సరిచేసిన మనిషికి సొంత కీలే ఎదురుతిరిగింది.

ఊరివాళ్లంటే బతికున్నవాళ్లు కాదు. స్వీడన్‌లోని ఉప్సాలాలో వైద్యం చదివే పిల్లలకు చూపించడానికి ఎముకలు శుభ్రం చేసి, సన్నటి బెజ్జాలు వేసి, ఇత్తడి తీగతో కూర్చి నిలబెట్టడం అతని ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. మాట్లాడటం తక్కువ. పైఅంతస్తులో చాలామందికి అతని పేరు కూడా తెలియదు, ఎముకలాయన అంటారు. అతనికి అందులో పెద్ద బాధేమీ లేదు. ఉన్న బాధల్లా ఈ గది పోతుందేమోనని.

వసంతంలో కొత్తగా వచ్చిన ప్రొఫెసర్ హలేన్ చెడ్డమనిషి కాదు, మొహమాటం లేని మనిషి. జర్మనీ నుంచి ప్లాస్టిక్ బొమ్మలు తెప్పిస్తే ఈ గదిని సామాన్ల కొట్టు చేసుకోవచ్చని మొదటి నెలలోనే అనేసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, కదిలే చెయ్యి ఒకటి చేసిపెట్టమంది. కండరం లాగితే ఎముక ఎలా లేస్తుందో పిల్లలు కళ్లారా చూడాలి. చూశారా, గది ఉంటుంది. లేదా, క్రిస్మస్ లోపల ఖాళీ చెయ్యాలి.

ఆ పాఠం ఇవాళ ఒంటిగంటకు.

చెయ్యి బల్లమీద సిద్ధంగా ఉంది. భుజం నుంచి వేళ్ల దాకా అసలు ఎముకలు, కండరాల చోట మైనం రాసిన నారతాళ్లు. తాళ్లన్నీ ఒక చెక్క పిడికి చేరతాయి. పదిగంటలకు ఏవాల్డ్ మొదటిసారి పిడి లాగి చూశాడు. మోచెయ్యి చక్కగా వంగింది, అరచెయ్యి పైకి తిరిగింది. మణికట్టు వెనక్కి వాలబోయి టక్కుమని ఆగింది. మళ్లీ లాగాడు. మళ్లీ టక్కు.

ఏం జరిగిందో అతనికి వెంటనే అర్థమైంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. నడిమధ్యది నెలవంక ఎముక, చిక్కుడుగింజంత. అది ఏ చేతిదో కళ్లతో కాదు, వేలితో తేల్చాలని అతని గురువు నేర్పాడు. గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, తడిమి చెప్పాలి, చెప్పాక కుడి పెట్టెలోనో ఎడమ పెట్టెలోనో వెయ్యాలి. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. పోయిన వారం కూడా అలాగే గర్వంగా కళ్లు మూసుకున్నాడు. కాని ఆ బొటనవేలికి స్పర్శ ఎప్పుడో సగం చచ్చిపోయింది. బల్లమీది కుడిచేతిలో ఎడమచేతి ఎముక కూర్చుంది.

మణికట్టు విప్పి మళ్లీ కట్టాలంటే రెండున్నర గంటల పని, అదీ మంచి వేలుంటే. పట్టకారు పట్టుకున్నాడు. తీగ విప్పగలిగాడు, తప్పు ఎముక తీసి తువ్వాలు మీద పెట్టాడు. కొత్త మెలి వెయ్యబోతే వేలు జారింది. ఇంకోసారి జారింది. ఎడమ భుజం కూడా పీకుతోంది. ఆ కండరం పట్టేసిందని రెండుసార్లు తిప్పి వదిలేశాడు.

తలుపు తట్టిన చప్పుడైంది. గదులు తుడిచే టీరా నోర్లింగ్. పదకొండేళ్లుగా ఈ గది ఊడుస్తోంది, ఒక్క ఎముకనూ ముట్టుకోలేదు. విరామం దొరికితే మెట్లమీద కూచుని చేతిజోళ్లు అల్లుతుంది, కన్నం కనపడనంత బిగువుగా. ఏవాల్డ్ పట్టకారు కింద పెట్టాడు. గడియ తీస్తే దాచుకున్నదంతా బయటపడుతుంది. తియ్యకపోతే గది పోతుంది.

గడియ తీశాడు.

టీరా గిన్నెను చూసింది, వేలిని చూసింది, విషయం గ్రహించింది. "ఇన్నాళ్లూ ఇందుకా తలుపేసుకునేది? ఏ సీసానో దాచుకున్నారనుకున్నా."

"అమ్మా, ఒక సాయం చెయ్యాలి. ఎముక ముట్టుకోవాలి."

"అది మాత్రం అడక్కండి బ్రింక్ గారూ. రాత్రి కల్లోకొస్తారు."

వచ్చేవాళ్లయితే తన కల్లోకి ఎప్పుడో వచ్చేవాళ్లని, నలభై ఏళ్లుగా అందరూ మర్యాదగానే ఉన్నారని అతను చెప్పాడు. టీరా నవ్వింది, చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని కూచుంది.

కుడి పెట్టెలోంచి ఇంకో నెలవంక ఎముకను ఆమె చేతనే తీయించాడు. గుంట వేళ్ల వైపు, వెడల్పు ముఖం అరచేతి వైపు ఉండేలా మణికట్టు మీద పెట్టుకోమన్నాడు. పక్కనున్న నెలవంకలాంటి అంచు ఏ చేతి బొటనవేలి వైపు తిరిగితే అది ఆ చేతి ఎముక. టీరా కళ్లు మూసుకుని తడిమింది. కుడిదే అంది. ఆమె మెలి వేస్తుంటే అతను వంగి చూశాడు. చేతిజోడు మెలే అది, బిగువుగా, చదునుగా పడింది.

చేతులు ఆడుతుంటే టీరాకు భయం పోయి అనుమానాలు మొదలయ్యాయి. చేతికి ఒకే పని కదా, ఇటో తాడు అటో తాడు ఎందుకని అడిగింది.

"కండరానికి తొయ్యడం రాదమ్మా. లాగడం ఒక్కటే వచ్చు. మడవడానికి ముందువైపు ఒకటి లాగాలి, చాపడానికి వెనకవైపుది లాగాలి. ఒకటి లాగేటప్పుడు రెండోది వదలాలి."

"వదలకపోతే?"

"ఎముక ఎటూ పోదు. వణుకుతూ ఉంటుంది."

టీరా అతని చేతుల వైపు చూసింది. "అయితే మీరు కాస్త వదలాలి బ్రింక్ గారూ," అంది.

ఆఖరి మెలి పడేసరికి ఒంటిగంటా ఏడు నిమిషాలు. ఒంటిగంట పాఠమంటే ఇక్కడ ఆనవాయితీగా ఒకటింపావుకు మొదలవుతుంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే పరువు పోయేదే. ఇద్దరూ ఆ ఎముకల చెయ్యి మోసుకుని మెట్లెక్కారు. సగంలో ఏవాల్డ్ ఆగి గోడ పట్టుకున్నాడు. టీరా ఏమైందంటే భుజమేనన్నాడు.

హాల్లో నల్లతెర ముందు చెయ్యి వేలాడుతోంది, తెర వెనక ముక్కాలిపీట మీద ఏవాల్డ్, చేతిలో పిడి. టీరా తలుపు దగ్గర నిలబడిపోయింది. ప్రొఫెసర్ ఏదో చెప్పి, ఇక మడవమంది. చెయ్యి లేచింది. మోచెయ్యి వంగింది, అరచెయ్యి పైకి తిరిగింది, మణికట్టు వెనక్కి మెత్తగా వాలింది. చప్పుడు లేదు. ముందువరసలో ఒక పిల్ల తన చెయ్యి కూడా అలాగే మడిచి చూసుకుంది.

"ఇక వదలండి," అంది ప్రొఫెసర్.

చెయ్యి నెమ్మదిగా దిగింది.

"ఎంత బాగుంది. ఇంకోసారి, బ్రింక్ గారూ."

చెయ్యి లేవలేదు. తాడు జారిందేమోనని ప్రొఫెసర్ ఆగింది, పిల్లలు ఆ ఎముకల వైపే చూస్తున్నారు. టీరా మాత్రం తెర వైపు నడిచింది. ఏవాల్డ్ గోడకు ఆనుకుని కూచునే ఉన్నాడు. పిడి కాళ్ల దగ్గర పడింది. ఒళ్లో కుడిచెయ్యి వెల్లకిలా ఉంది, బొటనవేలు అరచేతి మీదికి ఇట్టే వాలి ఉంది. భుజం అనుకున్నది గుండె, అది ఆగిపోయింది. అదీ కండరమేనని అందరికంటే అతనికే బాగా తెలుసు.

సాయంత్రం ప్రొఫెసర్ ఆ గది అలాగే ఉంచమంది.

టీరా ఊడవడానికి కిందికి వెళ్లింది. గిన్నెలో నీళ్లు చల్లారిపోయాయి. తువ్వాలు మీద పొద్దున తీసిన ఎముక అక్కడే ఉంది. ఆమె కళ్లు మూసుకుని దాన్ని తన ఎడమ మణికట్టు మీద పెట్టి తడిమింది, గుంట వేళ్ల వైపు, నెలవంక బొటనవేలి వైపు. ఎడమ పెట్టెలో పెట్టి మూత వెయ్యబోయి ఆగింది. ఎముక బెజ్జంలో ఇత్తడి తీగ ముక్క ఒకటి ఇంకా వేలాడుతోంది, ఆయన వేసిన వదులు మెలి విప్పకుండా అలాగే ఉంది.