కింద నుంచి వచ్చిన చుట్టం

మా మనవరాలు సముద్రం అడుగున గాజుబుడ్లు వేలాడదీసే ఉద్యోగం చేస్తుందంటే మొదట్లో నేనూ నవ్వాను. ఒక్కో బుడ్డి గుమ్మడికాయంత ఉంటుంది, లోపల వెలుగును పట్టే కళ్ళు. పొడవాటి తీగకు వాటిని వరసగా కట్టి, చివర లంగరు వేసి నీళ్ళలోకి దించుతారు. నక్షత్రాల అవతల నుంచి న్యూట్రినోలని కంటికి కనపడని రేణువులు వస్తాయట. గోడలూ కొండలూ వాటికి ఓ లెక్క కాదు. ఎప్పుడో ఒకటి నీటికి తగిలితే నీలంగా చిన్న మెరుపు. పైనుంచి వచ్చే మెరుపుల్లో చెత్తే ఎక్కువ కాబట్టి, భూమినంతా దాటుకుని కింద నుంచి వచ్చినదాన్నే నమ్ముతారు. భూమే వాళ్ళకు జల్లెడ.

కొత్త తీగకు కరెంటు ఇచ్చే రోజున ఇంటివాళ్ళనూ రమ్మన్నారు. రేవు పక్కన రేకుల షెడ్డు, గోడకు పెద్ద తెర. నేను కుర్చీలో సర్దుకున్నానో లేదో, తెర మీద బుడ్డికొకటిగా ఉన్న చుక్కలు కింద నుంచి పైకి ఒకదాని వెనక ఒకటి వెలిగాయి.

"కింద నుంచే," అంది మనవరాలు.

వాళ్ళ పెద్దసారు మిగతా ఊళ్ళలో ఇదే పని చేసేవాళ్ళకు చెప్పడానికి ఫోను తీసి, తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను ఊరుకుంటానా? టీలు ఇచ్చే ఆవిడతో, "ఆ బుడ్లకు అంకెలు వేసింది మా పిల్లే. అంత దూరపు చుట్టం మా పిల్ల చేతికే దొరికాడు," అన్నాను.

"అయితే భోంచేసి వెళ్ళమనండి పిన్నిగారూ," అందావిడ.

ఇంతలో తెర మీద ఇంకొకటి. మరొకటి. ఆపైన జల్లులా. తెలిసినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తెలియని మాబోటివాళ్ళం ప్రతిదానికీ చప్పట్లు కొట్టాం. మనవరాలు పాలిపోయి వచ్చి నా కుర్చీ పక్కన కూలబడింది.

"అమ్మమ్మా, అంకెలు లంగరు దగ్గర్నుంచి వెయ్యాలి. నేను పై కొస నుంచి వేసేశాను."

"వేస్తే ఏమైందే?"

"కిందది పైన, పైది కింద కనిపిస్తోంది. ఇవన్నీ పైనుంచి పడే చెత్తే."

"ఆయన మాట్లాడ్డం అయ్యాక మెల్లగా చెప్పరాదూ?"

"అయ్యాక చెబితే ఆయన అబద్ధం ఆడినట్టవుతుంది."

అందరి మధ్యలోంచి నడిచి వెళ్ళి చెప్పింది. చెవి దగ్గర ఫోనుంది కదా, ఆయనకు వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "సార్, అంకెలు తలకిందులుగా వేశాను. అది న్యూట్రినో కాదు."

షెడ్డంతా విన్నది. ఆయన ఒక్క మాటా తిట్టలేదు. ఫోనులో, "మా వల్ల పొరపాటు జరిగింది," అన్నాడు. ఆ 'మా' అన్నచోట మా పిల్ల తల వాలిపోయింది. తిట్టినా అంత వాలేది కాదు.

కంప్యూటరు ముందు కూచుని అంకెలన్నీ తిరగరాయడం మొదలుపెట్టింది. వెనక నుంచి చూస్తే చెవులు ఎర్రగా ఉన్నాయి. టీ ఆవిడ కప్పులు ఏరుతూ, "చుట్టం వెళ్ళిపోయాడా పిన్నిగారూ?" అంది.

"రానే లేదమ్మా," అన్నాను.

మా పిల్ల భుజాలు ఇంకాస్త ముడుచుకున్నాయి. వెళ్ళి వీపు మీద చెయ్యి వేద్దామని లేచాను. చప్పట్లు కొట్టీ కొట్టీ ఆ చెయ్యి ఇంకా మండుతూనే ఉంది. మళ్ళీ కూచున్నాను.