ఫోన్లు మోసిన చేపల గంప

నేను ఒక వెదురు గంపను. మేదర వీధిలో పుట్టి, చేపల రేవులో పెరిగాను. విశాఖలో చిలకకొండ వాలు మీద ఉండే సూరీడమ్మ పన్నెండేళ్లు నన్ను నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. మెడ ఎముకలు అరిగాయి, బరువులు మోయొద్దని డాక్టరు చెప్పాక నా ఉద్యోగం మారింది. చేపలు పోయి ఫోన్లు వచ్చాయి.

ఆ కథ చెప్పాలి. మా బస్తీని చూడడానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చేవారు. స్నానం చేస్తున్న ఆడవాళ్లనైనా వదలకుండా ఫోటోలు తీసుకుపోయేవారు. ఓపిక నశించి, ఒకరోజు ఆడవాళ్లందరూ కుళాయి దగ్గర కూర్చుని తీర్మానం చేశారు. ఇకమీదట బస్తీని చూపించేది మనమే, చెప్పేదీ మనమే. ఫోను గంపలో వేసినవాళ్లే మెట్లెక్కాలి. పిలవని గడప తొక్కకూడదు. దానికి సూరీడమ్మ తన మాట ఒకటి కలిపింది: అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు.

అలా ప్రతి ఆదివారం బస్తీ చూపించే నడక మొదలైంది. ఖరీదైన ఫోన్లన్నిటికీ చేపల కంపు అంటించి పంపడం నాకు మహా సరదాగా ఉండేది. వచ్చినవాళ్లకు సూరీడమ్మ తమ పెద్దలు రాళ్లు మోసి కట్టుకున్న నూట నలభై మెట్లు చూపించేది. వలలల్లే ఇళ్లు, పిల్లలు చదువుకునే గది చూపించేది. పేదరికం చూద్దామని వచ్చినవాళ్లు, అది సరిగ్గా కనబడక కొంచెం చిన్నబుచ్చుకునేవారు. మనుషులంతే.

ఒక ఆదివారం ఓ పెద్దమనిషి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. ఫోను నాలో వేశాడు, జేబులోంచి నోటు పుస్తకం తీశాడు. కొండచరియకు కట్టిన గోడ బీటవారిందనీ, బాగుచేయమని పదకొండేళ్లుగా అర్జీలు పెడుతున్నామనీ సూరీడమ్మ చెప్పింది. భయంగా లేదా అని అతను అడిగాడు. ఎందుకుండదు అంది. అతను రాసుకున్నాడు. ఫోన్లు లాక్కోవాలని తోచిన మా వాళ్లకు పెన్ను సంగతి తోచలేదు. అర్జీలు పెట్టి పెట్టి విసిగినవాళ్లు, తమ మాట ఒకరు రాసుకుంటుంటే సంబరపడతారు. ఆ పూట సూరీడమ్మ అతనికి టీ కూడా ఇప్పించింది.

రెండు నెలలకు నోటీసు వచ్చింది. కొండవాలు ప్రమాదకరమని నివాసులే ఒప్పుకున్నారట. కాబట్టి అరవై ఇళ్లూ ఖాళీ చేయాలట. సూరీడమ్మ నోటీసు పంపిన ఆఫీసుకు పరుగెత్తింది, నన్ను చంకలోంచి దింపడం కూడా మరిచి.

"గోడ బాగుసెయ్యమని సెప్పాను బాబూ. మమ్మల్ని తీసీమని సెప్పనేదు," అంది.

ఆ పెద్దమనిషి రాసుకున్నది రికార్డులోకి ఎక్కిపోయిందన్నారు. పక్కింటి ఎర్రయ్యమ్మ, ఇరవై ఏళ్లుగా కూర గిన్నె ఇచ్చిపుచ్చుకున్న మనిషి, ఆ రోజునుంచి మాట మానేసింది. అందరిదీ అదే దారి. సూరీడమ్మకు ఇల్లు పోతుందన్న దిగులుకంటే ఈ దిగులే ఎక్కువైంది.

ఇళ్లు కూల్చే యంత్రాలు రెండు రోజుల్లో పని ముగించాయి. ముందే మాటిచ్చినందువల్ల ఆ ఆదివారం నలుగురు వచ్చారు. ఇచ్చిన మాట తప్పడం ఆమెకు చేతకాదు. వాళ్లను వెంటపెట్టుకుని రాళ్లకుప్పల మధ్య నడిచింది. ఇది ఫలానావాళ్ల వాకిలి, ఇది చదువుల గది అని చెప్పుకుంటూ వెళ్లింది. ఒక పగిలిన గచ్చు మీద ఆగి, ఇది ఎర్రయ్యమ్మ వంటిల్లు అంది.

దగ్గర్లోనే ఇనపచువ్వలు ఏరుకుంటున్న ఎర్రయ్యమ్మ తలెత్తలేదు. ఇన్నాళ్ల తర్వాత నోరు మాత్రం విప్పింది.

"అది నాది కాదు వదినా. మీ ఇల్లే అది."

సూరీడమ్మ కాళ్లకిందికి చూసింది. నన్ను కింద పెట్టి, ఆ గచ్చు మీదే కూలబడింది. వచ్చినవాళ్లు నాలోంచి తమ ఫోన్లు తీసుకుని మెట్లు దిగిపోయారు.