నా పేరు పక్కన నవ్వు బొమ్మలు

"మీరు చెయ్యి తిరిగినవారు కదా మేడమ్, గోడకి బొమ్మలు మీరే అంటించండి" అన్నారు మా హెడ్మాస్టరు గారు. పొగడ్త లాంటి మాటే. మా బడిలో నాకొచ్చే పనులన్నీ పొగడ్త కట్టుకునే వస్తాయి. రంగు కాగితాలు కత్తిరించాలన్నా, వాంతి చేసుకున్న పిల్లకి మొహం కడగాలన్నా, పైఆఫీసు నుంచి ఎవరన్నా దిగితే కాఫీ కలపాలన్నా నేనే చెయ్యి తిరిగినదాన్ని. ఆ తిరగడం గానుగెద్దు తిరిగినట్టని ఆయనకెప్పుడూ తోచలేదు.

ఈసారి అంటించాల్సినవి నా రెండో తరగతి బొమ్మలు కూడా కావు. అక్కడే మండింది నాకు. కంప్యూటర్ టీచరని ఈ ఏడే ఒక పిల్ల వచ్చింది. నాలుగో తరగతికి ఇంటర్నెట్లో ఎలా మసలుకోవాలో పాఠం చెప్పి, చివర్లో "ఫోన్లో మీకు భయం వేసేదో ఏడుపొచ్చేదో ఏదన్నా కనిపిస్తే ముందు ఎవరికి చెప్తారు? వాళ్ళ బొమ్మ గీయండి" అందిట. పాఠం ఆవిడది, చప్పట్లు ఆవిడవి. స్టూలూ జిగురూ గోడా నావి.

ఆ పిల్లంటే నాకు కుళ్ళు. మంచి మాటలతో కప్పిపెట్టడం దేనికి, కుళ్ళే. ఉంగరాల జుట్టు, ఎర్ర కళ్ళజోడు, భుజాన ఒక్క సంచి. ఆ సంచిలో ఆమె సామాను తప్ప ఇంకెవరి అన్నం డబ్బా ఉండదు. ఫోను మోగితే ఎవరో చూసుకుని, ఇష్టం లేకపోతే నింపాదిగా తిరిగి సంచిలో పడేస్తుంది. నేను ఒక్కసారి ఎత్తకపోతే మా అత్తగారూ, ఆడపడుచూ, మా ఆయనా వరసగా చేస్తారు, ఇల్లేదో అంటుకున్నట్టు. పైగా ఆ పిల్ల నన్ను "అక్కా" అంటుంది. నేనెప్పుడు అనమన్నాను?

అసలు ఆ పాఠం చెప్పాల్సింది నేను. ట్రైనింగ్ ఉందని తెలియగానే వెళ్ళి అడిగాను. "సాయంత్రం క్లాసులు మేడమ్, మీకు ఇంట్లో వంటా వార్పూ ఉంటాయి కదా" అన్నారు హెడ్మాస్టరు గారు, నా మీద జాలితోనే. ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్నం కలుపుకుంటూ నవ్వాడు. "గ్రూపులో ఒక దండం బొమ్మ పెట్టడమే చేతకాదు, నీకెందుకే ట్రైనింగులు! నీ ఫోన్ కూడా నేనే నడుపుతున్నా." నిజమే, నా ఫోన్ ఆయనే నడిపేవాడు. లాకు పెట్టిందీ ఆయనే, తన పుట్టినరోజు నంబరు. నేను చపాతీలు ఒత్తుతుంటే పక్కన కూచుని నాకొచ్చినవన్నీ చదివి వినిపించేవాడు. పెళ్ళైన కొత్తలో దాన్ని ముద్దనుకున్నాను కూడా.

ఇప్పుడు ఆ పిల్ల పాఠం బడంతా పాకింది. ఎవరి ఫొటో ఎక్కడ పెట్టాలన్నా ముందు వాళ్ళని అడగాలని నేర్పింది. మొన్న హెడ్మాస్టరు గారు ప్రార్థనలో ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తగానే నాలుగో తరగతి మొత్తం "అడిగారా సార్?" అని అరిచింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని దగ్గారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా పళ్ళు మాత్రం లోపల నూరుకున్నాను. ఇన్నేళ్ళలో నేను నేర్పిన మాట ఒక్కటన్నా ఇలా పిల్లల నోట వరండా దాటి వచ్చిందా?

స్టూలెక్కి ఒక్కో బొమ్మా అంటించాను. నాన్నలున్నారు, అమ్మమ్మలున్నారు. ఒకడు మొహం కన్నా మీసం పెద్దదిగా పోలీసుని గీశాడు. ఒకమ్మాయి కుక్కని గీసి కింద "ఇది ఎవరికీ చెప్పదు" అని రాసింది. నవ్వుకుంటూ మా గువ్వ బొమ్మ కోసం వెతికాను. మా అమ్మాయి కూడా ఆ తరగతే. తొమ్మిదేళ్ళది, ఇంట్లో గువ్వ అంటాం. దొరికింది. కింద "మా టీచర్" అని ఉంది. ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది, నేనూ టీచర్నే కదా! తర్వాత చూశాను ఉంగరాల జుట్టు. కళ్ళజోడుకి ఎర్ర రంగు రెండుసార్లు దిద్దింది కూడా.

దాన్ని కన్నది నేను. జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని కూచున్నది నేను. వారం కిందట ఉతికిన గౌను ఏ తాడు మీద ఉందో చెప్పగలిగేది నేను. దానికి భయం వేస్తే మాత్రం నిన్నగాక మొన్నొచ్చిన ఎర్ర కళ్ళజోడు! నా దూడ పక్క పాకలో పొదుగు వెతుక్కుంటున్నట్టు అనిపించింది. ఆ బొమ్మని నీళ్ళ డ్రమ్ము వెనక, ఎవరికీ కనపడని చోట అంటించి స్టాఫ్ రూముకి వెళ్ళాను.

"మా అమ్మాయిని బాగా మచ్చిక చేసుకున్నావే" అన్నాను. గొంతులో పులుపు నాకే వినపడింది.

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. "మీరే వస్తారని చూస్తున్నా అక్కా. బయటివాళ్ళెవరూ ఏమీ చెయ్యలేదు, ఆ భయం పెట్టుకోకండి. అలాంటిదైతే ఆ నిమిషమే మీకు చెప్పేదాన్ని. ఒకసారి ఫోన్లో పెట్టిన వీడియోని అందరి దగ్గర్నుంచీ వెనక్కి తీసుకోవచ్చా అని అడిగింది. అమ్మకి చెప్పవే అన్నాను. అమ్మకి తెలుసు అంది."

"ఏం తెలుసు నాకు?"

"అదే మీరు దాన్ని అడగండి. రెండ్రోజుల్లో అడగకపోతే నేనే మీ ఇంటికి వద్దామనుకున్నా."

తప్పు లేని మాట. తప్పు లేకపోవడం చూసి ఇంకా ఒళ్ళు మండింది.

సాయంత్రం అంట్లు తోముతూ గువ్వని పక్కన కూచోబెట్టి గిన్నెలు కడగమన్నాను. నీళ్ళ చప్పుడులో పిల్లలు తేలిగ్గా మాట్లాడతారు.

"గువ్వా, ఏ వీడియోనే?"

అది గిన్నెకేసి చూస్తూ అంది. "నాన్న తీసింది. నా పక్క తడిసిన రోజు. దుప్పటి ఆరేసి, 'రండి, రండి, మా ఇంట్లో చెరువు చూడండి' అన్నాడు కదా. నేను మొహం కప్పుకున్నా. అత్త వాళ్ళింట్లో అత్త ఫోన్లో చూశా. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు."

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

"నువ్వూ పెట్టావుగా."

"ఏం పెట్టాను?"

"నవ్వు బొమ్మలు. నీ పేరు పక్కన. కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వేవి."

చేతులు తుడుచుకోకుండానే లేచి ఫోన్ తీశాను. అత్తింటివాళ్ళ గ్రూపు. నేనెప్పుడూ తెరవను, ఆయనే చూసుకుంటాడు. పైకి పైకి జరిపాను. ఉంది. మొహం కప్పుకున్న నా బిడ్డ. కింద ఆడపడుచు నవ్వు, బావగారి నవ్వు, తోడికోడలి నవ్వు. వాటి మధ్యలో నా పేరుతో విరగబడి నవ్వుతున్న బొమ్మలు. ఆ పూట నేను తడిసిన పరుపుని ఒక్కదాన్నే ఎండలోకి ఈడ్చుకెళ్తున్నాను. సబ్బు తడి ఫోన్ మీద జారుతోంది. పొద్దున్నుంచీ ఆ ఎర్ర కళ్ళజోడు మీద పడి ఏడ్చాను కానీ, నా చోటు లాక్కున్నది ఆమె కాదు. ఈ ఫోన్లో నా పేరు పెట్టుకుని నా బిడ్డ ముందు ఇంకొకతె తిరుగుతోంది. ఇంట్లోనే ఉంది, వేళకి నవ్వుతుంది, వేళకి దండం పెడుతుంది, అత్తింటివాళ్ళందరికీ ఆవిడంటే ఇష్టం.

ముందు గదిలో ఆయన టీవీ చూస్తున్నాడు. ఫోన్ మొహానికి ఎదురుగా పెట్టాను.

"ఇది ఎవరు నవ్వారు?"

"ఓ అదా, నేనే పెట్టా. అందరూ పెట్టాక నువ్వు పెట్టకపోతే మా అక్కేమనుకుంటుంది? మూతి ముడుచుకుందంటుంది. నీ తరఫున ఎన్ని పెట్టలేదు నేను!"

"నా బిడ్డ ఏడుస్తుంటే నేను నవ్వానా?"

"అబ్బా, ఇంట్లోవాళ్ళేగా చూసింది! తమాషాకి చేసిందాన్ని తద్దినం చేస్తావేంటే. ఆ కంప్యూటర్ పిల్ల ఎక్కించిందా?"

గోడకానుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, గ్రూపులో నా మొదటి మాట రాశాను: "ఆ నవ్వు నాది కాదు. నేను నవ్వలేదు. మా అమ్మాయిని అడక్కుండా తీసిన వీడియో అది. దయచేసి అందరూ తీసెయ్యండి." పంపించాను. ఆ తర్వాత లాకు ఎక్కడ మారుస్తారో వెతికి మార్చాను. ఎవరినీ అడగలేదు. అంత తేలికని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు, నేనూ చూసుకోలేదు.

ఆయన ఫోన్ మోగింది. వాళ్ళక్క. "ఆఁ అక్కా... లేదక్కా... అదేదో పొరపాటున..." అంటూ నా ఫోన్ లాక్కుని నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు.

"నంబరు మార్చావా? చెప్పు. నువ్వు రాసింది ముందు తీసెయ్యాలి."

"చెప్పను."

"మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేంటే?"

"మీ ఫోన్ నంబరు నాకెప్పుడన్నా చెప్పారా?"

వంటగది గుమ్మంలో గువ్వ నిలబడి ఉంది, తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ. ఎంతసేపట్నుంచి వింటోందో. మెల్లిగా వచ్చి నా చెయ్యి పట్టి కిందికి లాగింది. వంగాను. దాని పెదాలు నా చెవికి ఆనాయి.

"అమ్మా, నిన్న కూడా తడిసింది. దుప్పటి మంచం కింద దాచాను."

దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచాను.

"ఏమంటోంది?" అన్నాడు ఆయన.

"నాతో చెప్పింది" అన్నాను.