సుంకం గేటు దాటాక

"ఆగక్కర్లేదు, పో పో" అంటూ సుంకం గేటు జవాను చెయ్యి ఊపాడు. డాక్టరుగారి ఫియట్ జీరో కారు అతనికి గుర్తే. డ్రైవరు సెకోందో వేగం తగ్గించకుండానే టురిన్ నగరం దాటి కొండదారి పట్టాడు.

పక్క సీట్లో డాక్టరు వల్లౌరి. ఆయన ఒళ్ళో సీరం సీసాల పెట్టె. కొండమీద సెకోందో అత్తగారింట్లో ఉన్న అతని కూతురు ఒత్తావియాకి గొంతులో పొర కమ్మి ఊపిరి అందడం లేదని పొద్దున్నే కబురొచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. మధ్యాహ్నంలోగా మందు పడకపోతే కష్టమని డాక్టరే అన్నాడు.

దారంతా పొగమంచు. ద్రాక్షతోటలు లేవు, లోయ లేదు. ముందు రెండు బారల రోడ్డు మాత్రం కనిపిస్తోంది.

"కాస్త నిదానించవయ్యా. నన్ను చంపేస్తే సూది ఎవరు వేస్తారు?"

"నిదానిస్తే మీకు సూది వేసే పనే ఉండదు, డాక్టరుగారూ."

డాక్టరు పెట్టెను కోటులోపలికి లాక్కున్నాడు.

రెండు మలుపులు దాటాక సెకోందోకి ఏదో తేడాగా తోచింది. స్టీరింగు కుడివైపు ఉన్న కారు అది. ఈ దారిలో ఎప్పుడూ కుడిచక్రం పక్కన కాలవ అంచు చూసుకుంటూ నడిపేవాడు. ఇవాళ ఆ పక్కనంతా రోడ్డే. అంచు ఎక్కడ?

ముందు గంటలు మోగాయి. పీపాలు ఎక్కించిన ఎద్దుల బండి దిగువకు వస్తోంది. సరిగ్గా ఎదురుగా.

"ఎడమకి కొట్టు!" డాక్టరు అరిచాడు.

అప్పుడు తట్టింది సెకోందోకి. ఆ రోజుల్లో అక్కడి నియమం ప్రకారం నగరంలో ఎడమపక్క నడపాలి, గేటు దాటితే కుడిపక్క. ఏళ్ళ తరబడి గేటు దగ్గర ఆగడం, మళ్ళీ కదిలేటప్పుడు కుడికి మారడం అలవాటు. ఇవాళ ఆగలేదు. మారనూ లేదు. ఎడమకి కొడితే లోయే.

స్టీరింగు కుడికి కోసి చేతిబ్రేకు లాగాడు. కాడి కొన తగిలి డాక్టరు టోపీ ఎగిరిపోయింది. ముందుచక్రం కాలవలో దిగబడి కారు ఒరిగి ఆగింది.

డాక్టరు పెట్టె తెరిచాడు. "ఒక సీసా పగిలింది. ఒకటి మిగిలింది."

"చాలుతుందా?"

"చాలాలి."

పీపాల బండి తోలే ముసలాయన దిగి వచ్చాడు. "ఎవడ్రా నువ్వు? ఇదేమన్నా మీ పట్నం అనుకున్నావా?"

"తప్పు నాదే తాతా. పైన నా బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటోంది. ఈయన డాక్టరు."

ముసలాయన నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాడు. బండి చక్రాలకింద రాళ్ళు పెట్టి, ఎద్దుల్ని విప్పి తెచ్చి, కారు వెనక ఇరుసుకు గొలుసు తగిలించాడు. "తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది. దిగేటప్పుడు వినిపోదువుగాని."

కారు బయటపడింది. సెకోందో హ్యాండిలు తిప్పి ఇంజను లేపాడు. మిగతా దారంతా కాలవ అంచు మీంచి కళ్ళు తిప్పలేదు.

ఇంటికి చేరగానే డాక్టరు పిల్ల ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి కిటికీలోంచి తల బయటపెట్టి, "సూది వేశాను. పనిచెయ్యడానికి గంటలు పడుతుంది" అన్నాడు. సెకోందో కారు పక్కనే నిలబడ్డాడు. అత్తగారు పెట్టిన మొక్కజొన్నపిండి సంకటి ముట్టుకోలేదు.

చీకటిపడే ముందు గదిలోంచి ఏడుపు వినిపించింది. సూది పొడిచారనీ, నీళ్ళివ్వలేదనీ. అత్తగారు ఊరుకోబెట్టబోయింది.

"ఏడవనివ్వమ్మా" అన్నాడు డాక్టరు. "ఊపిరి అందితేనే కదా ఏడుపు."

సెకోందో కారు మెట్టు మీద కూలబడ్డాడు. చల్లారిన సంకటి గిన్నె ఒళ్ళోకి లాక్కున్నాడు.