వస్తానన్న మాట

మా ఆయన రమణబాబుకు గుండెలో ఏముంటే అది నోట్లోకి వచ్చేస్తుంది. మధ్యలో అడ్డేమీ లేదు. నాతవరం నుంచి నర్సీపట్నానికి షేర్ ఆటో తోలే మనిషి. ఎక్కిన ముసలమ్మ మోకాళ్ళ నొప్పులంటే చాలు, ఆవిణ్ణి ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపి, మిగతా సవారీల చేత తిట్లు తింటాడు. అలాంటివాడు కన్నకూతుర్ని సమ్మర్ క్యాంపులో దింపేటప్పుడు నోరు మూసుకుని ఉంటాడా? గేటు ముందు వంగి, దాని తల మీద చెయ్యి పెట్టి, "నీకు నచ్చకపోతే ఒక్క ఫోను కొట్టు తల్లీ. ఎక్కడున్నా బండి తిప్పుకుని వచ్చేత్తాను" అన్నాడు.

"ఒట్టా నాన్నా?" అంది గౌతమి.

"ఒట్టు" అన్నాడు.

గౌతమి మా ఒక్కగానొక్క పిల్ల. నాలుగో తరగతి పూర్తయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క రాత్రి కూడా మమ్మల్ని వదిలి పడుకోలేదు. ఇప్పటికీ నా చెవి తమ్మె పట్టుకుంటే గాని దానికి కన్ను మూతపడదు. అలాంటి పిల్లకు గురుకులంలో ఐదో తరగతి సీటొచ్చింది. జూన్‌లో చేరాలి. ఆ కబురు తెలిసిన రోజు వీధి వీధంతా స్వీట్లు పంచిన మా ఆయన, సాయంత్రానికల్లా ఇది అక్కడ ఉండగలదా అని దిగులు పెట్టుకున్నాడు. నాకు మాత్రం దిగులు లేదా? ఉంది. పైకి చెప్పలేదంతే.

అందుకే ఈ క్యాంపు. కొయ్యూరు వెళ్ళే దారిలో, సెలవులకు ఖాళీగా ఉన్న ఒక హాస్టల్లో వారం రోజులు. కొండలెక్కిస్తారు, బొమ్మలు వేయిస్తారు, పిట్టల్ని చూపించి పేర్లు చెబుతారు. పిల్ల ఈ వారం ఉండగలిగితే గురుకులానికి పంపుదాం, లేకపోతే సీటు వదులుకుందాం అని మేమిద్దరం అనుకున్నాం.

క్యాంపు నడిపే ఈశ్వరి మేడం ముందుగానే తల్లిదండ్రులతో మీటింగు పెట్టింది. టార్చిలైటు ఇవ్వండి, పాత చెప్పులు ఇవ్వండి, టవలు మీద పేరు రాయండి, పిల్లకు ఏ మందు పడదో చెప్పండి అంది. అన్నీ చేశాం. దోమల క్రీము కూడా కొన్నాను. గేటు దగ్గర వదిలేటప్పుడు ఏం మాట్లాడాలో మాత్రం ఆవిడ చెప్పలేదు. లేదా చెప్పే ఉంటుంది. ఆ టైములో మా ఆయన బండి పక్కకు పెట్టడానికి వెళ్ళాడు, నేను పక్కావిడ చీర అంచు చూస్తున్నాను.

మూడో రోజు పొద్దున్నే మేడం ఫోనులోంచి పిల్ల మాట్లాడింది. "నాన్నా, వచ్చెయ్" అంది. మా ఆయన తాగుతున్న టీ గ్లాసు అరుగు మీద పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బండి తీశాడు. ఇంకొక్క రోజు చూద్దామని నోటితో అయితే అన్నాను. నా కాళ్ళు మాత్రం ఆయన కంటే ముందే ఆటో ఎక్కేశాయి. నేను ఆపడానికి వస్తున్నానని ఆయన అనుకున్నాడు. నిజానికి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చుకుందామనే నేను వెళ్ళింది.

ఊరు దాటాక రోడ్డు పక్కన ఒకామె చెయ్యెత్తింది. కొండమీద మనిషి. చింతపండు అమ్ముకుని, బుట్టలో ఉప్పు, ఎండుచేపలు వేసుకుని తిరిగి వెళుతోంది. ఎంత తొందరలో ఉన్నా మా ఆయన ఖాళీ సీటును చూస్తూ ఊరుకోలేడు. ఎక్కించుకున్నాడు. ఆమె పేరు అప్పాయమ్మట. ఇంత వేగంగా ఎక్కడికని అడిగింది. మా ఆయన అన్నీ చెప్పేశాడు, ఒట్టుతో సహా. చెప్పి, మాటంటే మాటే కదా అని తనను తానే మెచ్చుకున్నాడు.

అప్పాయమ్మ ఒళ్ళో బుట్ట సర్దుకుంది.

"మా పెద్దోణ్ణి ఆశ్రమ బడిలో ఏసినప్పుడు నానూ అలాగే సెప్పాను బాబూ" అంది. "సంత రోజు వత్తానురా అన్నాను. ఆ వారం గెడ్డ పొంగిపోనాది. ఎల్లలేకపోనాను. ఆడు తెల్లారిన కాణ్ణించి గేటు కాడే నిలబడ్డాడట. కూడు తినలేదు, ఆటకెల్లలేదు. ఆ మర్నాడూ నిలబడ్డాడట. వత్తానంటే పిల్లలు మరేటీ సెయ్యరు బాబూ. దారి సూత్తారు, అంతే."

ఆటో కొంచెం నెమ్మదించింది.

ఆ తర్వాత ఇద్దరు పిల్లల్ని కూడా అక్కడే వేసిందట. ఎవరికీ మధ్యలో వస్తానని చెప్పలేదట. సెలవులిచ్చిన రోజున తీసుకెళతాను, ఈలోగా రాను అని చెప్పేదట. వీలు కుదిరి వెళితే వెళ్ళేది, ముందు మాట మాత్రం ఇచ్చేది కాదు. గేటు దగ్గర వదిలేటప్పుడు ఒక పని అప్పగించేదట: నీ పక్కన పడుకునేవాళ్ళ పేరేమిటో, ఊరేమిటో కనుక్కో, ఈసారి నాకు చెప్పాలి అని.

కన్నపిల్లల్ని అలా వదిలేస్తారా అని నాకు కోపం వచ్చింది. ఇంత గట్టి మనసు ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించి, నీకు ఏడుపు రాలేదా అప్పా అని అడిగేశాను.

"రాకుండా ఎలాగుంటాది తల్లీ" అంది. "మలుపు తిరిగినాక ఏడిసేదాన్ని."

మేము ఒక్క వారానికి ఇంత హడావిడి చేశాం. ఈమె ముగ్గురు పిల్లల్ని ఒక్కొక్కరినే కొండ దింపి, బడిలో వదిలి, ఒట్టి చేతులతో మళ్ళీ కొండెక్కింది. అదీ ఏళ్ళ తరబడి. ఆ మనిషి పక్కన కూర్చున్నందుకే నాకు గొప్పగా అనిపించింది. తన దారి రాగానే దిగి, బుట్ట నెత్తికెత్తుకుని, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

క్యాంపు గేటు దగ్గర గౌతమి బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది. మా ఆటో చూడగానే దాని ముఖం విప్పారింది. ఈశ్వరి మేడం వెనకే వచ్చింది. రోడ్డు మీద ఏ ఆటో చప్పుడు వినిపించినా చేతిలో పని వదిలేసి గేటుకు పరిగెత్తుకొస్తోందని, కొండకు కూడా వెళ్ళలేదని చెప్పింది. మొదటి రోజు నుంచీ ఇంతేనంది.

మా ఆయన చెయ్యి బ్యాగు దాకా వెళ్ళి ఆగిపోయింది. పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీ పక్కన పడుకునే పిల్ల పేరేటమ్మా?" అన్నాడు.

గౌతమికి తెలియదు.

"వత్తానని నాను సెప్పకూడదు. సెప్పేశాను. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేత్తన్నాను" అన్నాడు. "ఆదివారం తీసుకెల్తాను. ఈలోగా ఫోను సేసినా రాను. ఆ పిల్ల పేరేటో, ఊరేటో కనుక్కుని సెప్పు నాకు."

పిల్ల ఏడ్చింది. అబద్ధాలకోరువని తండ్రిని తిట్టింది. నాకేసి చూసింది. ఆ చూపుకు నేను కరిగిపోయేదాన్నే. మలుపు ఎక్కడుందా అని రోడ్డు వైపు చూశాను. అది నా దగ్గరకు వచ్చి, ఒకసారి నా చెవి తమ్మె పట్టుకుని వదిలేసింది. బ్యాగు ఈడ్చుకుంటూ తనంతట తానే లోపలికి వెళ్ళింది. దానికి అంత గుండె ఉందని కన్నతల్లిని నాకే తెలియదు.

మలుపు తిరిగాక మా ఆయన ఆటో ఆపి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకోరోజైతే నేను ఆటపట్టించి చంపేదాన్ని. గుండెలో ఉన్నది నోట్లోకి రాకుండా ఆ మనిషి ఆపుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూశాను. పక్కకు జరిగి తువ్వాలు రెండో కొస నేను తీసుకున్నాను.

మళ్ళీ ఫోను రాలేదు. ఆదివారం చెప్పిన టైము కంటే ముందే గేటు దగ్గరున్నాం. గౌతమి ఎక్కడా కనబడలేదు. చాలాసేపటికి మోకాళ్ళ నిండా మట్టితో ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇది మణి, పాయకరావుపేట, నా పక్కనే పడుకుంటుంది అని గడగడా చెప్పింది. చెప్పిందే గాని బ్యాగు తేలేదు. ఇద్దరూ కలిసి వేసిన బొమ్మ ఇంకా గోడ మీదే ఉందట, రంగు ఆరలేదట.

"ఇక్కడే ఉండండి, ఇప్పుడే వత్తాను" అని వచ్చిన దారినే పరుగు తీసింది.

మేడం లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చోమంది. టీ తెప్పిస్తానంది. మా ఆయన వద్దన్నాడు. పిల్ల వస్తానని చెప్పింది కదా. ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం.