కల్లం గట్టు మీద కెప్టెన్

మిరపకాయలు కల్లానికి చేరాయంటే బిందుమాధవి దినచర్య ఒకటే. పొద్దున్నే కాఫీ తాగి, మోకాలికి పట్టీ బిగించి, ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని అన్నయ్య త్రినాథ్ కల్లానికి వెళ్ళేది. కల్లమంతా కాయలు ఆరబోసి ఉండేవి, కూలీలు వాటి మధ్య కూచుని తెల్లబడి చెడిన తాలుకాయలు ఏరుతుండేవాళ్ళు. ఆమె ఒక్క కాయ కూడా ముట్టుకునేది కాదు. తూర్పు గట్టున కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ కూచునేది. మబ్బు కమ్మితే లేచి నిలబడేది. అదీ ఆమె పని.

ఆమె నిలబడితే ఆమెను దాటి ఏదీ పోదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. చిన్నప్పుడు కల్లానికి కాపలా పెడితే కోళ్ళు, మేకలు, పందులు ఆమె కాళ్ళదాకా వచ్చి వెనక్కి తిరిగేవి. తర్వాత గాలిదుమ్ము ఆగింది, ఆ తర్వాత వాన ఆగింది. ఆమె వెనక ఒక కల్లమంత మేర పొడిగా ఉండేది. పక్కల మామూలుగానే కురిసేది. ముందు మాత్రం, ఆగిన వాన కూడా అక్కడే పడి, రెండింతలు కురిసేది. ఊరివాళ్ళు దీన్ని వింతగా చూడలేదు. ఒకరిది హస్తవాసి మంచిది, ఒకరికి గొంతు బాగుంటుంది, ఈ పిల్లకి నిలబడటం వచ్చు అనుకున్నారంతే.

వింత అనుకోకపోయినా పనికొస్తుందనుకున్నది బడిలో డ్రిల్లు మాస్టారు శివరామకృష్ణగారు. ఒకనాడు ఆమె మీదికి ఫుట్‌బాల్ గట్టిగా తన్ని చూసి, ఆ సాయంత్రమే తండ్రిని ఒప్పించి గుంటూరు స్పోర్ట్స్ హాస్టల్లో చేర్పించారు. మొదటిరోజే ఆయన ఒక మాట చెప్పారు. "బంతిని ఆపేస్తే పని అయిపోదమ్మా. ఆపిన బంతి ఎవరి కాళ్ళ దగ్గర పడుతుందో అదీ చూసుకోవాలి."

ఆమె అలా దేశానికి డిఫెండర్ అయింది. ముందున్నవాళ్ళు రిటైరయ్యారు, వెనకొచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు, ఆమె మాత్రం కెప్టెన్ పట్టీ చేతికి కట్టుకుని ఏళ్ళ తరబడి గోల్ ముందు నిలబడింది. మగవాళ్ళ జట్టు విమానంలో పోతే వీళ్ళు రైల్లో, దొరికిన బెర్తులు సర్దుకుని పోయేవాళ్ళు. గెలిస్తే పేపర్లో చివరి పేజీలో రెండు వాక్యాలు, ఓడితే అవీ లేవు. చివరి మ్యాచ్‌లో తలతో ఆపిన బంతి నేరుగా అవతలి జట్టు పిల్ల కాళ్ళ దగ్గర పడింది. ఆ పిల్ల రెండో మూలకి కొట్టింది, బిందుమాధవి అక్కడ లేదు. మాస్టారి మాట ఆ క్షణాన గుర్తొచ్చింది గానీ ఏం లాభం? మోకాలు కూడా ఆ రోజే పోయింది.

ఉద్యోగం ఇస్తామన్న పెద్దమనుషులు ఫోన్లు ఎత్తడం మానేశాక ఆమె ఊరికి వచ్చేసింది. సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో త్రినాథ్ ఫొటో ఆమె ఫొటో కన్నా పెద్దది. కింద 'భారత కబడ్డీ కెప్టెన్‌కు స్వాగతం' అని వేశారు. తప్పని ఎవరికీ తోచలేదు. ఆమె కూడా చెప్పలేదు, చెప్పి ఏం చేసుకోవాలి? ఆమె గెలుచుకొచ్చిన కప్పుల్లో పెద్దదాంట్లో వదిన చింతపండు పోసుకుంది, చిన్నదాంట్లో మిరప విత్తనాలు దాచింది. చెల్లెలు వచ్చిందన్న ధీమాతో త్రినాథ్ ఆ ఏడే తన టార్పాలిన్ పట్టాలన్నీ పత్తి వ్యాపారికి అమ్మేశాడు.

కల్లానికి తూర్పున బండ్లు పోయే డొంకదారి, డొంక దాటితే పున్నమ్మ కల్లం. మొగుడు పోయిన మనిషి, చిన్న పొలం చెక్క కౌలుకి చేస్తుంది. పట్టాలు కొనే తాహతు లేక, సెంటర్లో దించేసిన ఫ్లెక్సీని అడిగి తెచ్చుకుంది. అది కాయల రాశిలో సగానికే సరిపోయేది.

పోయిన మార్చిలో తూర్పు నుంచి వాన వచ్చింది. బిందుమాధవి నిలబడింది. త్రినాథ్ కాయల మీద చినుకు పడలేదు. పడాల్సినదంతా డొంక అవతల, ఫ్లెక్సీలో నమస్కారం పెడుతున్న తన మొహం మీద పడటం ఆమె కళ్ళారా చూసింది. పున్నమ్మ కాయలు బూజుపట్టి తెల్లబడి తాలుకిందికి పోయాయి. వాన వెలిశాక వెళ్ళి నావల్లే పిన్నీ అంటే, పున్నమ్మ తడికాయలు ఎగదోస్తూ తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"నీ తప్పేముందమ్మా. ఆపడం నీ పని, ఆపావు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ మాట ఏడాది పొడుగునా బిందుమాధవి అన్నం ముద్దలో అడ్డం పడుతూనే ఉంది.

ఈ ఏడు పంట కూడా పోతే కౌలు వదిలేసి చీమకుర్తి క్వారీకి రాళ్ళు మొయ్యడానికి పోతానని పున్నమ్మ అందరితో అంటోంది. పట్టాలు తెప్పించమని బిందుమాధవి అన్నయ్యకి చెప్పి చూసింది. నువ్వుండగా డబ్బు దండగ అని అతను నవ్వేశాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం తూర్పున మబ్బు లేచింది. కూలీలు ఆమె వంక ఓసారి చూసి మళ్ళీ ఏరుకోవడంలో పడ్డారు. బిందుమాధవి కుర్చీలోంచి లేచింది. గట్టు దిగింది. కుంటుకుంటూ డొంకలోకి నడిచింది.

"ఎక్కడికే?" అని అరిచాడు త్రినాథ్. "కల్లం ఇటుంటే అటు పోతావేంది?"

"అటు నిలబడటానికి."

"తినేది నా కూడు, కాసేది పరాయి కల్లమా? వెనక్కి రాకపోతే మళ్ళీ నా గడప తొక్కబాకు."

ఆమె ఆగింది. అన్నయ్య అన్నంత పనీ చేస్తాడని తెలుసు. చేతిలో ఉద్యోగం లేదు, వెనక మొగుడు లేడు, పడుకోడానికి ఆ ఇంటి వెనక గది తప్ప చోటు లేదు. అయినా వెనక్కి తిరగలేదు. పున్నమ్మ కాయల పక్కగా నడిచి, ఆ కల్లం తూర్పు గట్టున, పత్తి తీసేసిన చేనుకి ఎదురుగా నిలబడింది. ఆ చేలో మోళ్ళు తప్ప తడిసి చెడిపోయేది ఏమీ లేదు.

పత్తిమోళ్ళ మీద కుండపోతగా కురిసింది. ఆమె వెనక ఫ్లెక్సీ తడవలేదు, కాయ తడవలేదు. డొంక అవతల మాత్రం అందరికీ పడే వానే త్రినాథ్‌కీ పడింది. కప్పడానికి ఇంట్లో దుప్పట్లు, వదిన చీరలు తెచ్చారు. చాలలేదు.

వాన వెలిసే వేళకి బిందుమాధవి బ్యాగు అన్నయ్య ఇంటి వీధి అరుగు మీద పెట్టేసి ఉంది. పక్కనే కప్పులు, చింతపండు దులిపేసి. ఆమె వాటిని తెచ్చుకుని పున్నమ్మ కల్లంలోనే గోనెపట్టా మీద చతికిలబడింది. మోకాలు బాగా వాచింది.

పున్నమ్మ ఫ్లెక్సీ తీసి, దులిపి, మడవబోయి ఆగింది. ఎర్రటి కాయలు గుప్పెడు తీసి చూసుకుంది. ఈ ఏటికి క్వారీ తప్పింది. తర్వాత వచ్చి, ఫ్లెక్సీ ఒళ్ళో పెట్టుకుని బిందుమాధవి పక్కన కూచుంది. మెత్తగా అడిగింది.

"ఇందులో కబడ్డీ అని ఉందంటగా. కబడ్డీలో ఇట్టా నిలబడరు. ఇంతకీ నువ్వాడింది ఏ ఆటమ్మా?"

పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. బిందుమాధవి చెప్పడానికి నోరు తెరిచింది. మాటకన్నా ముందు కన్నీళ్ళొచ్చాయి. నిలబడి ఉంటే ఆపుకునేదేమో. కూచుని ఉంది.